బొమ్మైతే వస్తోంది కానీ..

లైనక్సు వాడేవాళ్ళని ఇంట్లోవాళ్ళు రెండు రకాలుగా చూస్తారు. "మావాడికి కంప్యూటర్ల గురించి తెలియనిది లేదు" అనేది మొదటి రకం. "అందరూ వాడేది హాయిగా వాడుకోక వీడికెందుకీ తిప్పలు" అనేది రెండో రకం. మా ఇంట్లో అమ్మ రెండో రకం, నాన్న మొదటి రకం. పోయిన నెల ఒక శని, ఆదివారాల్లో నాన్న కూడా రెండో రకంలోకి మారిపోయేవారే. తృటిలో తప్పింది. ఆ కథే ఇది.

నాన్న లైన్‌మన్‌గా రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు తెనాలి, దుగ్గిరాల చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన వ్యసనం ఒక్కటే, పొద్దున్నే పేపరు. మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా వదలరు. రెండేళ్ళుగా ఆ ఒక్కటీ కష్టమైపోయింది. కంటి మధ్యభాగంలో వయసుతో వచ్చే అరుగుదలట. అద్దాలు మార్చినా లాభం లేదు, అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవడమే అన్నారు డాక్టరు. భూతద్దం కొన్నాం. "ఒక్కో ముక్కా పట్టుకుని చదువుతుంటే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాన్రా" అని ఒకసారి ఫోన్లో నవ్వుతూ అన్నారు. తర్వాత కొన్నాళ్ళకి అమ్మ చెప్పింది, "పేపరు మాన్పించెయ్యి, దండగ" అన్నారట. అది విన్నాక రెండ్రోజులు నాకు పని మీద ధ్యాస లేదు.

నా దగ్గర 2012 నాటి ల్యాప్‌టాప్ ఒకటుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 దానికి ఎక్కదు. అందుకని లైనక్స్ మింట్‌లో తేలికపాటి రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్నది వేశాను. పరుగులు పెట్టకపోయినా పేపర్లు చదువుకోవడానికి ఢోకా లేదు. దాని తెర 14 అంగుళాలే కాబట్టి నాన్నకి చాలదు. హైదరాబాదులో మా స్నేహితుడొకడు ఇల్లు మారుతూ 24 అంగుళాల పాత మానిటర్ అమ్మేస్తానంటే 2500 రూపాయలిచ్చి తీసుకున్నా. అడ్డం 1920, నిలువు 1080 చుక్కల తెర. వాడింట్లో చక్కగా పనిచేసింది. దానికున్నవి వీజీఏ, డీవీఐ రంధ్రాలు మాత్రమే. నా ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ రంధ్రం ఎప్పుడో వదులైపోయింది. సరే, వీజీఏ ఉందిగా! కేబులు మాత్రం వాడు ఉంచేసుకున్నాడు. మన ఇళ్ళల్లో కేబుళ్ళకి కరువా? గదిలో అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి పడున్న నీలం మూతి కేబులొకటి తీసి, మానిటర్ని దుప్పట్లో చుట్టి, శనివారం పొద్దున్నకల్లా తెనాలిలో దిగాను. ఆదివారం రాత్రి తిరుగు రైలు.

కేబులు పెట్టాను. బొమ్మ వచ్చింది. నాన్న ముందు కాలరెగరేశాను కూడా.

పేపరు తెరిచి అక్షరాలు పెద్దవి చేశా. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళు చికిలించి, ఓ నిమిషం చూసి "బానే ఉందిరా" అన్నారు. మా నాన్న బానే ఉంది అంటే బాలేదని అర్థం. పెళ్ళిభోజనాల దగ్గర్నుంచీ అంతే.

దగ్గరికెళ్ళి చూస్తే అక్షరాలన్నీ అడ్డంగా లావెక్కి ఉన్నాయి. అంచులు అలుక్కుపోయి, ఒత్తులన్నీ ముద్దగా. ధ కింద ఉండే చిన్న గీత ఉందో లేదో తెలియట్లేదు. ప ఏదో ష ఏదో ఊహించుకోవాలి. ఇంగ్లీషైతే ఈ మాత్రం మసకని నెట్టుకొచ్చెయ్యొచ్చు. తెలుగులో అక్షరం ఏదో తేల్చేది ఆ చిన్న గీతలూ ఒత్తులే. చూపు బలహీనమైనవాళ్ళకి పెద్ద అక్షరాలుంటే చాలు, నాణ్యతతో పనేంటి అనుకుంటాం. పెద్దది వేరు, స్పష్టమైనది వేరు. ఉన్న కాస్త చూపునీ అక్షరాన్ని పోల్చుకోవడానికే ఖర్చు పెట్టిస్తే ఇంక చదివేదేముంది?

డిస్‌ప్లే సెట్టింగుల్లో చూస్తే మానిటర్‌కి దొరుకుతున్న అతి పెద్ద పరిమాణం 1024, 768. కింద 800, 600. ఇంకా కింద 640, 480. 1920 ఊసే లేదు. అంటే నలుచదరానికి దగ్గరగా ఉన్న చిన్న బొమ్మని వెడల్పాటి తెర మీద సాగదీసి పరుస్తోందన్నమాట.

ఇక్కడ మనలాంటివాళ్ళు ఏం చేస్తారు? డ్రైవర్ని అనుమానిస్తారు. నేనూ అదే చేశా. అప్‌డేట్లన్నీ వేశా. పాత కెర్నల్‌తో బూట్ చేశా. కొత్త కెర్నల్‌తో బూట్ చేశా. ఎప్పటెప్పటి సలహాలో ఏరుకొచ్చి, ఎందుకో తెలియకుండానే బూట్ ఐచ్ఛికాలు మార్చా. మధ్యాహ్నం మూడైంది. అమ్మ అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది. నాన్న మాత్రం పక్కనే కూర్చుని చూస్తున్నారు.

"కరెంటు లేదని ఫోనొస్తే మేం ముందు స్తంభం ఎక్కేవాళ్ళం కాదురా" అన్నారు ఉన్నట్టుండి.

"మరి?"

"పక్కింట్లో ఉందా అని అడుగుతాం. ఉంటే ఆ ఇంటిదే తేడా. లేకపోతే వీధి మొదట్లో చూస్తాం, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఎక్కడిదాకా వస్తోందో చూసుకుంటే ఎక్కడ ఎక్కాలో తెలుస్తుంది. నువ్వేమో పొద్దుట్నించీ అన్ని స్తంభాలూ ఎక్కుతున్నావు."

కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. కానీ ఆయన చెప్పింది కాదనడానికి నా దగ్గరేం లేదు. నాలుగేళ్ళ ఇంజనీరింగూ, ఆ తర్వాత ఐదారేళ్ళ ఉద్యోగమూ కలిసి నాకు నేర్పిందీ అదే. సొంత సమస్య వచ్చేసరికి గుర్తు రాలేదు, అంతే.

సరే, వరసలో చూద్దామని కూర్చున్నా. లైనక్సులో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. ఎక్కడిదాకా వస్తోందో చూసుకునే కిటికీలన్నీ తెరిచే ఉంటాయి. సిస్ అనే డైరెక్టరీలో, క్లాస్ కింద, డీఆర్‌ఎం అనే చోటికెళ్తే ఒక్కో డిస్‌ప్లే రంధ్రానికీ ఒక్కో సంచీ కనిపిస్తుంది. అందులో స్టేటస్ అనే ఫైలు చదివితే అవతల ఎవరైనా ఉన్నారో లేదో చెప్తుంది. వీజీఏ సంచీలో 'కనెక్టెడ్' అనే ఉంది. పక్కనే ఈడీఐడీ అనే ఇంకో ఫైలు. ల్యాప్‌టాప్ సొంత తెర సంచీలో దాని పొడవు కొలిస్తే 128 బైట్లు. వీజీఏ సంచీలో కొలిస్తే.. సున్నా!

ఈడీఐడీ అంటే మానిటర్ తన గురించి తాను చెప్పుకునే పరిచయ పత్రం. నన్ను తయారుచేసింది ఫలానావాళ్ళు, నా సొంత కొలత ఇంత, నేను తట్టుకోగల వేగాలు ఇవి అని 128 బైట్లలో ఉంటుంది. ఐబీఎం వీజీఏని తెచ్చింది 1987లో. అప్పటికి ఈ పత్రం లేదు, వీసా అనే ప్రమాణాల సంస్థ 1994లో తెచ్చింది (పాస్‌పోర్టు మీద కొట్టే వీసా కాదు లెండి). అప్పటికే వాడుకలో ఉన్న 15 పిన్నుల వీజీఏ మూతిలోనే దీనికి చోటు చూశారు. ఒకటి, రెండు, మూడు పిన్నుల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెళ్తాయి. 13, 14 పిన్నులు గీత ఎక్కడ మొదలో, తెర ఎక్కడ మొదలో చెప్తాయి. ఈ ఐదూ, వాటి ఎర్తులూ ఉంటే బొమ్మ వచ్చేస్తుంది. పరిచయ పత్రం వచ్చేది మాత్రం 12, 15 పిన్నుల మీద.

పత్రం రాకపోతే మానిటర్ ఉన్నట్టు ఎలా తెలిసింది మరి? మానిటర్ లోపల రంగుల తీగలకి 75 ఓముల నిరోధం ఉంటుంది. అది తగిలితే అవతల ఎవరో ఉన్నారని ఇవతలికి తెలుస్తుంది. చీకట్లో తలుపు తడితే లోపల మనిషి దగ్గినట్టు. ఎవరో ఉన్నారని తెలుసు, ఎవరో తెలియదు. తెలియనివాళ్ళకి ఏం పెట్టాలి? ఎవరికైనా అరిగేది పెట్టాలి. ఆ అరిగేదే 1024, 768. నా కంప్యూటర్ తప్పేం లేదు పాపం, మర్యాదగానే ప్రవర్తించింది.

ఇంత తెలిశాక ఎవరైనా కేబుల్ని అనుమానించాలి కదా? నేను అనుమానించలేదు. బొమ్మ వస్తోందిగా, కేబులు బానే ఉంది అనుకున్నా. పైగా నాకింకో దారి తెలుసు. మానిటర్ తన కొలత చెప్పకపోతే ఏం, నేనే చెప్తా!

2000ల మొదట్లో లైనక్సు వాడినవాళ్ళకి ఇది కొత్త కాదు. అప్పట్లో ఎక్స్ సర్వర్ సెట్టింగుల ఫైల్లో మానిటర్ వేగాలు చేత్తో రాసుకోవాల్సి వచ్చేది, తప్పు రాస్తే పాత గాజుబుడ్డి మానిటర్లు పాడవుతాయని హెచ్చరికలు కూడా ఉండేవి. 2007లో ర్యాండర్ 1.2 వచ్చాక నడుస్తుండగానే తెరలు కలపడం, కొలతలు మార్చడం వీలైంది. ఆ పనిచేసే ఆదేశం పేరే ఎక్స్‌రాండర్. సీవీటీ అనే ఇంకో చిన్న పనిముట్టుకి 1920, 1080, 60 అని ఇస్తే కావలసిన అంకెల వరస కక్కుతుంది. దాన్ని ఎక్స్‌రాండర్‌కి కొత్త మోడ్‌గా పరిచయం చేసి, వీజీఏకి తగిలించి, ఇది వాడు అని చెప్పాలి. మూడు ఆదేశాలు.

చేశాను. బొమ్మ పక్కకి జరిగిపోయి, నీళ్ళల్లో చూసినట్టు వణుకుతూ వచ్చింది. సీవీటీ ఇచ్చిన వేగం చూస్తే 173 మెగాహెర్ట్జ్. పాత గాజుబుడ్డి తెరల్లో కిరణం ఒక గీత గీసి మళ్ళీ వెనక్కి రావడానికి సమయం పట్టేది, ఆ ఖాళీ కూడా కలిపి లెక్కగట్టిన అంకె అది. పలక తెరకి అంత ఖాళీ అక్కర్లేదు. టీవీలవాళ్ళ ప్రమాణంలో ఇదే కొలతకి ఖాళీతో కలిపి అడ్డం 2200, నిలువు 1125. సెకనుకి 60 సార్లు అంటే 148.5 మెగాహెర్ట్జ్. ఆ అంకెలు చేత్తో కొట్టి మళ్ళీ చేశా. మానిటర్ మీద ఆటో బటన్ నొక్కా.

వచ్చింది! అక్షరాలు అద్దంలా ఉన్నాయి. నాన్న కుర్చీ జరుపుకుని చదవడం మొదలెట్టారు. ఈసారి బానే ఉంది అనలేదు, ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత "ఓరి, ఈయన పోయాడా!" అన్నారు. ఎవరో పాత ఎమ్మెల్యే గురించిన వార్త. పేపరు చదివేటప్పుడు ఆయన ఇలా పైకి అనడం విని నాకు ఎన్నాళ్ళయిందో. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి చల్లారిన అన్నం తిన్నా.

రాత్రి ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ లావు అక్షరాలు. ఎక్స్‌రాండర్‌తో చెప్పిన మాటలు ఆ పూట వరకే, రీబూట్ అయితే ఏమీ గుర్తుండదు. నాకిది ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు. మూడు ఆదేశాలూ ఒక స్క్రిప్టులో రాసి, లాగిన్ అవగానే నడిచేట్టు పెట్టా. ఆపి, పెట్టి చూపించా. బ్రహ్మాండంగా వచ్చింది. "అయిపోయింది నాన్నా, ఇంక మీరు స్విచ్చేస్తే చాలు" అన్నాను.

నాన్న ఏమన్నారంటే.. ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, మానిటర్ వెనకాల చెయ్యి పెట్టి, కేబులు లాగేసి, మళ్ళీ గుచ్చారు. లావు అక్షరాలు.

"మీ అమ్మ రోజూ తుడుస్తుంది" అన్నారు.

నా స్క్రిప్టు లాగిన్ అయినప్పుడు మాత్రమే నడుస్తుంది. కేబులు మళ్ళీ తగిలినప్పుడు ఎవరూ దాన్ని పిలవరు. దానికీ దారి ఉంది, యూడెవ్ అనే చోట ఒక నియమం రాస్తే కేబులు తగిలిన సంగతి తెలుసుకుని స్క్రిప్టుని నడపొచ్చు. అదే చెప్పబోయా. నాన్న అడిగారు, "నువ్వు వెళ్ళాక అది ఆగిపోతే నేనేం చెయ్యాలి?"

"నాకు ఫోన్ చెయ్యండి."

"అంటే పేపరు చదవాలంటే నీకు ఫోన్ చెయ్యాలి" అన్నారు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. తర్వాత ఇంకో మాటన్నారు. "ఊళ్ళల్లో ఫ్యూజు పోతే రైతులు మందపాటి తీగ చుట్టేసేవాళ్ళు. ఆ పూటకి మోటారు ఆడేది. అసలు ఫ్యూజెందుకు పోయిందో ఎవడూ చూసేవాడు కాదు."

ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. మా ఆఫీసులో కూడా ఇలాంటి తీగలు చాలా ఉన్నాయి. రోజూ అర్ధరాత్రి నడిచే స్క్రిప్టులు, ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలియనివి. వాటిల్లో కొన్ని నేనే రాశాను, రాసినందుకు మెచ్చుకోళ్ళు కూడా అందుకున్నాను. అక్కడ ఆగితే ఇంకొకడెవడో లేచి చూసుకుంటాడు. ఇక్కడ ఆగితే నాన్న ఊరుకుంటారు. ఫోన్ కూడా చెయ్యరు. మానిటర్ మీద గుడ్డ కప్పి, పేపరు దండగ అంటారు. నాకు ఆయన సంగతి తెలుసు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి నాన్న అటక మీది పనిముట్ల పెట్టె దింపి మల్టీమీటర్ తీశారు. బ్యాటరీ కూడా మార్చేశారు. మూతి పిన్నులు సన్నవి, మీటరు పుల్లలు లావు. పుల్లల చివర గుండుసూదులు కట్టారు. చిక్కేమిటంటే నాన్నకి పిన్నులు కనపడవు. అందుకని నేను ఫోను లైటు వెలుగులో ఒక్కో పిన్ను లెక్కపెట్టి రెండు మూతుల మీదా సూదులు ఆనించడం, ఆయన మీటరు పట్టుకుని కూత వినడం.

ఒకటి. పీ.. రెండు. పీ.. మూడు. పీ.. తొమ్మిదో పిన్ను అసలు లేదు. అది చాలా కేబుళ్ళలో ఉండదు, దానివల్ల బొమ్మకి నష్టం లేదు. 13. పీ.. 14. పీ..

12. నిశ్శబ్దం. "సరిగ్గా ఆనించావా?" మళ్ళీ ఆనించా. నిశ్శబ్దం. 15. నిశ్శబ్దం.

రెండు చివరలా పిన్నులు నిగనిగలాడుతూ ఉన్నాయి. మధ్యలో తీగ లేదు. కొన్ని చవకరకం వీజీఏ కేబుళ్ళలో ఇలాగే బొమ్మకి కావలసిన తీగలు మాత్రం వేసి మిగతావి వదిలేస్తారు. పిన్ను కనపడుతోందని తీగ ఉందనుకోవడం నా తప్పు. బొమ్మ వస్తోందని కేబులు బాగుందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. "న్యూట్రల్ లాంటిదన్నమాట" అన్నారు నాన్న. "అది తెగినా కొన్నిళ్ళల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందుకే ఎవడికీ అనుమానం రాదు."

ఆదివారం సగం కొట్లు మూసి ఉంటాయి. మూడో కొట్లో దొరికింది. నాన్న మీటరు, గుండుసూదులు జేబులో వేసుకునే వచ్చారు. కొట్టబ్బాయి మొదట వింతగా చూశాడు. రెండో కేబుల్లో 12, 15 పిన్నులు కూత పెట్టేసరికి వాడు కూడా వంగి లెక్కపెట్టడం మొదలెట్టాడు. 250 రూపాయలు.

ఇంటికొచ్చి ముందు నా స్క్రిప్టు తీసేశాను. ఆ తర్వాతే కొత్త కేబులు గుచ్చాను. తెర ఒకసారి నల్లబడి, 1920, 1080తో దానంతటదే వచ్చింది. సెట్టింగుల్లో మానిటర్ కంపెనీ పేరూ, మోడలూ ప్రత్యక్షం. ఈడీఐడీ ఫైలు కొలిస్తే 128 బైట్లు. నాన్న కేబులు లాగి మళ్ళీ గుచ్చారు. వచ్చింది. మానిటర్ స్విచ్ ఆపి వేశారు. వచ్చింది. ల్యాప్‌టాప్ ఆపి, పెట్టి.. వచ్చింది. ఆయన కొన్ని వేల కనెక్షన్లకి చేసిన పరీక్ష అది.

విండోస్ అయితే ఈ గొడవ ఉండేది కాదు కదా అని మీరనొచ్చు. ఆ కేబుల్లోంచి పరిచయ పత్రం విండోస్‌కైనా రాదు, తీగే లేదు కాబట్టి. లైనక్సు నాకు సున్నా బైట్లు అని మధ్యాహ్నం మూడింటికే ముఖం మీద చెప్పింది. వినకుండా ఇంకో పూట తెలివితేటలు ప్రదర్శించింది నేను. నాకు 148.5 మెగాహెర్ట్జ్ లెక్క రాకపోయి ఉంటే శనివారం సాయంత్రమే కొత్త కేబులు కొనుక్కొచ్చి ఉండేవాణ్ణి. ఆఫీసుకెళ్ళాక నేను రాసిన రాత్రి స్క్రిప్టుల్లో ఒకదాన్ని తెరిచి చూశా. అసలు తప్పు ఇంకో చోట, రెండు లైన్లలో ఉంది. సరిచేసి స్క్రిప్టు తీసేశాను. ఇంకా నాలుగున్నాయి.

బుధవారం రాత్రి నాన్న ఫోన్ చేశారు. ఆయన మామూలుగా తనంతట తాను చెయ్యరు కాబట్టి గుండె గుభేలుమంది. యూడెవ్ నియమం దాకా వెళ్ళిపోయింది ఆలోచన.

"ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదురా. మీ అమ్మ తుడుస్తూ తీసేసింది. మళ్ళీ పెట్టాను, వచ్చింది. చెబ్దామని చేశా" అని, నేనేదో అనేలోపే పెట్టేశారు.